నాలుగు మూలలు, ఒక బొట్టు

ఆ ఉదయం పది గంటలకు గంగాధరరావు చేతిలో ఉన్నవి మూడు. రెండు వందల ఇరవై ఏళ్ల నాటి నోటుపుస్తకం. అందులో ఒక పేజీ మీద ఐదు మరకలు. పుస్తకం తాలూకు మనిషి వచ్చేలోగా ఇరవై నిమిషాలు.

"రత్నా!" అని కేక పెట్టాడు.

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో వాళ్లది పాత పుస్తకాల కొట్టు. వెనక గదిలోంచి రత్నకుమారి మాస్కు సర్దుకుంటూ వచ్చింది.

"ఏంటండీ, మళ్లీ జ్వరమా?"

"ఇదేంటి?"

ఆమె తొంగి చూసింది. "పసుపు. మధ్యలోది కుంకం."

"అది నాకూ కనిపిస్తోంది. పెట్టిందెవరు?"

"నేనే. కరోనా వచ్చిన ఏడు దసరాకి. వ్యాపారం లేదు, కొత్త చిట్టా పుస్తకం వద్దన్నారు మీరు. పుస్తకానికి బొట్టు పెట్టకుండా దసరా ఎలా వెళ్తుంది? కొట్లో అన్నిటికన్నా పాతది ఇదే కదా అని, ఖాళీ పేజీ చూసి పెట్టా."

"రెండు వందల ఏళ్ల పుస్తకానికి పసుపు పూస్తావా?"

"పెద్దవాళ్లకే కదండీ ముందు పెట్టేది."

గంగాధరరావు కుర్చీ పట్టుకున్నాడు. ఆ నోటుపుస్తకం తనది కాదు. ఎర్లాంగెన్‌లో ఉండే ఫ్రావ్ వైడింగర్ అనే రిటైరైన ప్రొఫెసరమ్మది. కర్రతో బంతి కొట్టే ఆట నియమాలను ఎవరో పాతకాలపు బడి పంతులు అందులో రాసుకున్నాడు. ఆమె దాన్ని కళ్లతో చూడకుండా, ఫోన్లోనే ఈ కొట్టు నుంచి కొంది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, కరోనాకు జడిసి ఇల్లు కదల్లేదు. పోస్టులో పంపితే పోతుందని ఇక్కడే ఉంచమంది. దాని నకలు తెప్పించుకుని, ఇంట్లో కూర్చునే బేస్‌బాల్ పుట్టుక మీద ఒక పుస్తకం రాసింది. తొలినాటి బేస్‌బాల్ చరిత్ర మీద వచ్చే పుస్తకాలకు అమెరికాలో ఏటా ఇచ్చే బహుమతి ఈసారి ఆమెకే వచ్చింది. బహుమతి సభలో ఈ నోటుపుస్తకాన్ని అద్దాల పెట్టెలో పెడతారట. తీసుకెళ్లడానికి రెండేళ్ల తర్వాత ఇవాళే గడప దాటి వస్తోంది.

"తడిగుడ్డకి కాస్త సబ్బు రాసి తుడిస్తే?" అంది రత్నకుమారి.

"సబ్బు తగిలితే పసుపు ఎర్రబడుద్ది. ఇంకా నయం, పీచు పెట్టి తోముదామన్నావు కాదు."

"మరేం చేస్తారు?"

అదే లెక్క వేస్తున్నాడు. పాత మరకలే అని బొంకితే ఈ పూట గడుస్తుంది. అమెరికాలో ఎవడైనా భూతద్దం పెట్టి చూస్తే అసలుకే మోసం. నిజం చెప్తే ఈ పూటే పోతుంది. వచ్చే నెలలో విదేశీయుల ఆఫీసులో అపాయింట్‌మెంట్ ఉంది. కొట్టు నిక్కచ్చిగా నడుస్తోందని చూపిస్తేనే వీసా పొడిగిస్తారు. ఒక ప్రొఫెసరు రాసే ఒక్క ఫిర్యాదు చాలు. ఎటు కూడినా నష్టమే తేలుతోంది.

తలుపు గంట మోగింది.

"హెర్ రావు! ఇద్దరం బతికే ఉన్నామన్నమాట!" ఫ్రావ్ వైడింగర్ మోచెయ్యి చాపింది. అతను మోచెయ్యి తగిలించాడు.

ఆమె తెల్లటి చేతితొడుగులు వేసుకుంది. కౌంటరు మీద నోటుపుస్తకం తెరిచింది. ఒక పేజీ. ఇంకో పేజీ.

ఆమె చెయ్యి ఆగిపోయింది.

"రంగులు!" అంది. "హెర్ రావు, ఇది రంగుల్లో ఉందని నాకు చెప్పనే లేదే!"

ఎత్తిపొడుపు అనుకున్నాడు. అంతటితో అతని ధైర్యం అయిపోయింది.

"తప్పు మాదే, ఫ్రావ్ ప్రొఫెసర్. అది పసుపు. మా పండక్కి పుస్తకాలకు పెడతాం. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ. ఎంత జరిమానా వేసినా కడతాను. ఫిర్యాదు మాత్రం రాయకండి."

"చెడగొట్టాలని కాదమ్మా. సరస్వతికి పెట్టినట్టే పెట్టాను," అంది రత్నకుమారి, తనకు వచ్చిన జర్మన్‌లో.

ముసలామె ముఖంలో మాస్కు పైన కనిపించే భాగమంతా పాలిపోయింది.

"ఎప్పుడు పెట్టారు?"

"2020 అక్టోబరులో."

"నాకు నకలు పంపింది?"

"నవంబరులో. ఈయన కరోనాతో లోపల గదిలో పడుంటే నేనే మెషిన్లో పెట్టి పంపాను. మా మెషిను నలుపు తెలుపే తీస్తుంది."

"అంతకుముందు ఈ పేజీ మీద ఏముంది?"

"ఏమీ లేదు. ఖాళీ."

ఫ్రావ్ వైడింగర్ తలుపు వైపు చూసింది. మెల్లగా వెళ్లి, 'తెరిచి ఉంది' అన్న బోర్డును 'మూసి ఉంది' వైపు తిప్పి వచ్చింది. సంచిలోంచి బహుమతి వచ్చిన తన పుస్తకం తీసి వాళ్ల ముందు పెట్టింది.

అట్ట నిండా ఒకటే బొమ్మ. నాలుగు మూలల్లో నాలుగు నల్ల చుక్కలు, నడుమ ఒకటి. కింద అచ్చు అక్షరాలు: "ప్రపంచంలోనే మొట్టమొదటి బేస్‌బాల్ మైదానం పటం. నాలుగు బేసులు, మధ్యలో బంతి విసిరేవాడు."

"హెర్ రావు," అందామె గొంతు తగ్గించి, "ఈ పసుపు సంగతి ఇంకెవరికైనా చెప్పారా?"

గంగాధరరావు ఆ రోజు లెక్క కట్టి చూసుకున్నాడు: కొట్టు దక్కింది, అమెరికా వాళ్ల ఆటకు నాలుగు మూలలూ దొరికాయి, పొద్దుటి భయం మాత్రం అణా తరుగు లేకుండా కౌంటరు అవతలికి చేరింది.