కల్నల్ గారి ఓపిక

పదిహేడో దుప్పటి మడతపెడుతూ పెద్దక్క స్తంభం వైపే చూస్తోంది. అక్కడ హెడ్డాఫీసు నుంచి వచ్చినాయన పొద్దుటినుంచీ చేతులు కట్టుకుని నిలబడి, కల్నల్ గారినే కనిపెట్టుకుని ఉన్నాడు.

కల్నల్ గారు మిలటరీ వదిలి ఈ బట్టల షాపుకు మేనేజరుగా వచ్చి ఏడు నెలలైంది. వచ్చిన రోజే అందరినీ వరసలో నిలబెట్టి గోళ్ళు చూశారు. చాటుగా అందరూ తిట్టుకున్నారు. మర్నాడు కౌంటరుకొక స్టూలు వేయించారు. కాపలా సిపాయికైనా రెండు గంటలకోసారి విశ్రాంతి ఉంటుంది, మీకెందుకు ఉండకూడదన్నారు. పంతొమ్మిదేళ్ళుగా నిలబడే అమ్ముతున్న పెద్దక్క మోకాళ్ళు ఆ పూటనుంచి ఆయనకు సెల్యూట్ కొడుతున్నాయి.

చిక్కంతా ఆయన నోటితోనే. ముప్పై దుప్పట్లు విప్పించి ఒక్కటీ కొనకుండా పోతున్న మనిషిని గద్దించి ఆపి, అన్నీ అతని చేతే మడత పెట్టించారు. బిల్లు దగ్గర వరస తప్పినాయన్ని గుమ్మం దాకా నడిపించి చివర నిలబెట్టారు. ఫిర్యాదులు పైకి వెళ్ళాయి. ఈరోజు ఒక్క కస్టమరు మీద గొంతు లేచినా ఆయన ఉద్యోగం ఆఖరని హెడ్డాఫీసాయన అందరి ముందూ చెప్పేశాడు. ఆయన పోతే స్టూళ్ళూ పోతాయి. అవి దండగని పైవాళ్ళు ఎప్పటినుంచో గొణుగుతున్నారు.

సాయంత్రం దాకా ఎలాగో గడిచింది. అప్పుడొచ్చింది ఒకావిడ, చంకలో ఉతికిన దుప్పటితో. ఆ నడక చూస్తూనే కల్నల్ గారి ముఖంలో నెత్తురు ఇంకిపోయింది. కొంప మునిగిందనుకుని పెద్దక్క తనే ఎదురెళ్ళింది.

"నీతో కాదు తల్లీ, ఆయనతో," అందావిడ.

దుప్పటి బల్లమీద పరిచింది. రంగు పోదని చెప్పి అంటగట్టారట. ఉతికితే తెల్లచొక్కాలన్నీ ఎర్రబడ్డాయట. అవి తొడుక్కు తిరిగే మనిషికి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదట.

"మీరు చెప్పిందే చెబుతారు. ఎదుటి మనిషి మాట ఎప్పుడైనా విన్నారా?"

"వినాల్సిందండి."

"వినరు. నలుగురిని వరసలో నిలబెట్టడం ఒక్కటే వచ్చు మీకు."

"నిజమేనండి. తప్పు నాదే."

పావుగంట సాగింది. అమ్మకాలు మాని అందరూ చుట్టూ చేరారు. కల్నల్ గారు కాళ్ళు దగ్గరగా పెట్టి, తల దించి, అవునండి అంటూనే ఉన్నారు. ఎదురుమాట ఒక్కటీ లేదు. చివరికి వేరే దుప్పటి తీసి, సంచీలో పెట్టి, తలుపు తెరిచి పట్టుకుని సాగనంపారు.

హెడ్డాఫీసాయన ఫిర్యాదుల కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. ఇంత ఓపికున్న మేనేజరును తన సర్వీసులో చూడలేదని చేయి కలిపి వెళ్ళిపోయాడు.

పెద్దక్క స్టూలు మీద కూలబడింది. "ఎలా ఓర్చుకున్నారు సార్? ఇంకొకరైతే ఒక్క మాటైనా అనేవారు."

కల్నల్ గారు నుదుటి చెమట తుడుచుకున్నారు. తలుపు దాకా వెళ్ళి, ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో చూసుకుని వచ్చి, గొంతు బాగా తగ్గించారు.

"మా ఆవిడేనమ్మా."