ఈక వేసిన సీటు

ఏరు దాటించే గేదె వేళకు వచ్చిన పాపాన ఎన్నడూ పోలేదు, అదలా ఉంచండి. ఆ రోజు అది రాగానే నెమలిరాయుడు దాని వీపు మీదికి ఈక విసిరి సీటు ఆపుకున్నాడు. ఎక్కి, తోకంతా పరుచుకుని కూర్చున్నాడు.

గుడ్డు పెట్టే ఘడియ దగ్గరపడ్డ కోడిపెట్టమ్మ నిలబడలేక, "కాస్త జరుగు నాయనా," అంది.

"ఈక వేశాను కదమ్మా! పైగా మగపుట్టుక, తోక చాచకపోతే నడుం పట్టేస్తుంది. మీ ఆడవాళ్ళకేం, ఎక్కడైనా ఒదుగుతారు."

"ఒదుగుతాంలే," అని పెట్టమ్మ ఆ తోక మీదే ఒదిగి గుడ్డు పెట్టేసింది. "కదిలావో, దొర్లి ఏట్లో పడుతుంది. ఆ పాపం నీదే!"

నెమలిరాయుడు హడలిపోయాడు. మెల్లగా తోక ముడుచుకుని, గుడ్డును పొట్టకింద పొదువుకున్నాడు. ఖాళీ అయిన చోట పెట్టమ్మ హాయిగా కూర్చుంది.

నడి ఏట్లో గేదె కాస్త ఊగింది. నెమలిరాయుడు గయ్యిమన్నాడు: "మెల్లగా నడవమ్మా! గుడ్డుతో ఉన్నవాళ్ళం, కనబడటం లేదా?"