అమ్మ పేరున

“అక్కడ వద్దు సార్. అలారం వచ్చేది ఆ చిల్లుల్లోంచే” అంది అంబులెన్సు నర్సు.

షావుకారు వినిపించుకోలేదు. అంబులెన్సులో బిగించిన, ఊపిరి అందించే కొత్త మెషిన్ ముఖం మీద, సరిగ్గా ఆ చిల్లుల మీదే, ఇత్తడి పలకను ఆనించి మురిపెంగా చూసుకున్నాడు. పలక మీద పెద్ద అక్షరాల్లో ఆయన తల్లి పేరు ఉంది. కింద ‘ఆయురారోగ్యాలు కోరుతూ, కుమారుడు’ అని చిన్న అక్షరాల్లో ఉంది. అవీ మరీ అంత చిన్నవేం కావు.

“వెనకవైపు అంటిద్దాం సార్. అక్కడ బోలెడు చోటుంది.”

“వెనకాల గోడ ఉందమ్మా. గోడ చదువుతుందా?”

“గొట్టం ఊడినా, గాలి ఆగినా అరిచి చెప్పేది అదే సార్. మాకు వినపడాలి కదా!”

“గాలి కూడా ఇందులోంచేనా వచ్చేది?”

“కాదు. గాలి గొట్టంలోంచి వస్తుంది. ఇది శబ్దానికి.”

“శబ్దానికేగా!” షావుకారు నవ్వేశాడు. “కాస్త తగ్గుతుందేమో. ఓ చెవి ఇటు పడేసి ఉంచు.”

నర్సు పక్కనే ఉన్న అంబులెన్సుల మేనేజరు వైపు చూసింది. మేనేజరు కళ్లతోనే బతిమాలాడు. ఇంకో రెండు అంబులెన్సులు మెషిన్లు లేకుండా తిరుగుతున్నాయి. వాటికీ ఈయన మనసే కరగాలి. షావుకారు పలక వెనక జిగురు దట్టంగా పట్టించి, అరచేత్తో అదిమి అదిమి అంటించాడు.

మనిషి చెడ్డవాడేం కాదు. పోయిన నెల తల్లికి ఊపిరి ఆడకపోతే, ఇదే బండిలో ఈ నర్సే దారి పొడవునా రబ్బరు సంచిని చేత్తో నొక్కుతూ ఆవిడను బతికించింది. ఆ తర్వాత జడ వేసుకోవడానికి కూడా వేళ్లు వంగలేదామెకు. అది తెలిసి ఆయన తనంతట తనే వచ్చి మెషిన్ కొనిస్తానన్నాడు. “ఇక నీ చేతులకి శ్రమ ఉండకూడదమ్మా” అన్నాడు. నిజంగానే అన్నాడు.

పలక పక్కన నిలబడి ఫొటో దిగుతుంటే ఆయన ఫోను మోగింది. అవతల భార్య.

“అత్తయ్యకి మళ్లీ ఆయాసం వచ్చిందండీ. పెదాలు నీలంగా అయిపోతున్నాయి. తొందరగా రండి!”

అందరూ ఎక్కింది ఆ బండే. ఇంటి మెట్ల మీంచి స్ట్రెచర్ దించుతుంటే ముసలావిడ నర్సును గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది.

“మళ్లీ... నీ చేతుల్లోనే... పడ్డానా తల్లీ” అంది రొప్పుతూ.

“ఈసారి నా చేతులతో పని లేదు మామ్మగారూ. మీ అబ్బాయి మెషిన్ కొనిచ్చారు. మీ పేరు కూడా ఉంది దాని మీద.”

నర్సు మాస్కు తొడిగి, పట్టీలు బిగించి, మెషిన్ ఆన్ చేసింది. వీధి మలుపు తిరిగేసరికి పెదాల రంగు మారింది. ముసలావిడ కళ్లు మూసుకుంది. షావుకారు పలక వైపు, తల్లి వైపు మార్చి మార్చి చూశాడు.

ఇంజెక్షనుకు నరం దొరకలేదు. నర్సు మోకాళ్ల మీద కూర్చుని ఆ సన్నని చేతిని పట్టుకుని వెతకసాగింది. పైన సైరన్ చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. ఒకచోట బండి గోతిలో పడి ఎగిరింది.

“చూసి నడుపు బాబూ!”

“చూస్తూ కూర్చుంటే ఎప్పటికి చేరతాం సార్!” అన్నాడు డ్రైవరు.

షావుకారు ఫోనులో అక్కతో మాట్లాడుతున్నాడు. “ఏం ఫరవాలేదక్కా. మన మెషినే పెట్టారు. హాయిగా నిద్రపోతోంది.”

నర్సు ఒకసారి తలెత్తి చూసింది. మాస్కు ఉన్నచోటే ఉంది. మెషిన్ లైట్లు వెలుగుతున్నాయి. మళ్లీ నరం కోసం వంగింది.

ఆసుపత్రి గుమ్మంలో సిబ్బంది మాస్కు లాగి పక్కన పడేసి, స్ట్రెచర్ దించుకుని పరుగెత్తారు. డాక్టరు మెడ దగ్గర వేళ్లు పెట్టి చూశాడు. కనురెప్పలు ఎత్తి చూశాడు.

“దార్లోనే పోయారు” అన్నాడు.

నర్సు బండి దగ్గరికి తిరిగి వచ్చింది. సైరన్ ఆగిపోయి లోపలంతా నిశ్శబ్దంగా ఉంది. పడి ఉన్న మాస్కు తీసి గొట్టం చుట్టబోయింది. గొట్టం రెండో కొస మెషిన్‌కు లేదు. సీటుకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంది. ఆ గోతిలో పడ్డప్పుడే ఊడిపోయి ఉండాలి.

ఆమె ఇత్తడి పలక మీద అరచెయ్యి ఆనించింది. పలక వణుకుతోంది. దానికి చెవి ఆనించింది. దిండు కింద ఫోనులా, అలారం లోపల్లోపలే ఇంకా మోగుతోంది.

ఈ చేతులతో నొక్కి ఉంటే బతికేది కదా అనుకుంది. నుదురు పలకకే ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

“ఊరుకో అమ్మా.” వెనక షావుకారు నిలబడి ఉన్నాడు. తల్లి పేరుకు తల ఆనించి ఏడుస్తున్న ఆ పిల్లను చూసి ఆయనకూ దుఃఖం ఆగలేదు. “మెషిన్ ఉండి కూడా పోయిందంటే ఆయుష్షు తీరిపోయిందంతే. నీ తప్పేం లేదు.”

“అది కాదు సార్... ఈ పలక...”

“నేనూ దాని గురించే వచ్చాను” అన్నాడాయన కళ్లు తుడుచుకుంటూ. “మిగతా రెండు బండ్లకీ మెషిన్లు కొనిస్తాను. మూడింటికీ ‘అమ్మ జ్ఞాపకార్థం’ అని ఇదే చోట అంటిద్దాం. ఈసారి పలకలు ఇంకాస్త పెద్దవి చేయిస్తాను.”