మరదలు కట్టుకున్న పట్టీ

ఇప్పుడు ఏ ఇంట్లోనైనా పొయ్యి మనిషి రక్తం చూసి వెలుగుతుంది. నా భార్య సుభద్రకు రక్తంలో కొవ్వు ఎక్కువ. రక్తం కొలిచే ఆమె చేతిపట్టీ ఒప్పుకోనిదే నూనె మూకుడు కింద మంట రాదు. ఆమెకు తోడుగా నేనూ జొన్నరొట్టె, ఉడికిన సొరకాయే తిన్నాను. పట్టీలో కొవ్వు అంకె తగ్గుతుంటే చూసి మురిసిపోయాను.

అయినా ఆమె గుండె ఆగింది.

పెద్దకర్మ నాడు మరదలు నీలవేణి అసలు సంగతి చెప్పింది.

“నువ్వు పొలం వెళ్ళగానే అక్క పట్టీ నేను కట్టుకునేదాన్ని బావా. నా రక్తం చూసి పొయ్యి వెలిగేది, నువ్వు చూసిన అంకె నాదే. గారెల కోసం చంటిపిల్లలా ఏడ్చేది.”

“నాకెందుకు చెప్పలేదే?”

“చెబితే తిననిచ్చేవాడివా?”

ఆ రోజూ అక్క కోసమని గారెలు వండుకొచ్చింది. నేను విస్తరిలో రొట్టె, సొరకాయే పెట్టాను. కాకి వాలలేదు.

“ఒక్క గారె వెయ్యి బావా, అక్క ఆత్మ ఘోషిస్తోంది.”

“ఘోషించనీ.”

పొద్దుగూకేదాకా కాకి రాలేదు. నేను గారె వేయలేదు.