రెండు తలల తాడి

"ఈ చోటు ఆయనకి ఎవడు చూపించాడ్రా?"

బుల్లియ్య బొమ్మ ముందు నిలబడి బావమరిది సత్తియ్యను నిలదీశాడు. రాజమండ్రిలో, వాళ్ల దగ్గర చేపలు కొనే చిత్రకారుడు ఉదయ్‌కుమార్ గారి బొమ్మల ప్రదర్శన అది. ఆయన ఫోన్లో పంపిన పిలుపు చూసి ఇద్దరూ సరదాగానే వచ్చారు. గోడల నిండా రెల్లు దుబ్బులు, మనిషి జాడలేని లంకలు. బుల్లియ్య చూపు మాత్రం ఒక్క బొమ్మ దగ్గరే ఆగిపోయింది.

"ఏ చోటు బావా?"

"సరిగ్గా చూడు. రెండు తలల తాడి మధ్యలోంచి వాటర్ ట్యాంకు. లంక కొసకి ఆనుకుని సెల్ టవరు. ఏటి మీద ఈ రెండూ ఇలా కుదిరేది ఒక్కచోటే. మన పులసల చోటు."

సత్తియ్య దగ్గరకెళ్లి చూశాడు. నిజమే. నడిగోదాట్లో కర్ర పాతుకుని గుర్తు పెట్టుకోలేరు కాబట్టి వేటగాళ్లు గట్టు మీది గుర్తులే చూసుకుంటారు. వాటిని కట్టుకున్న పెళ్లానికి కూడా చెప్పరు. ఈ చోటు తెలిసింది ఒకే పడవలో వేటకెళ్లే ఈ ఇద్దరికే. అలాంటిది, వారం నుంచి ఊరి పడవలన్నీ అక్కడే మూగుతున్నాయి. వరదల ఎర్రనీరు ఉండగా దొరికే పులస చేపే వాళ్లకు ఏడాదంతా ఆధారం.

"నేను చెప్పలేదు బావా. అక్క మీద ఒట్టు."

"మరి తాడిచెట్టు నడిచొచ్చి చెప్పిందా? ఈయనకి చెప్పినవాడివి ఊళ్లోవాళ్లకి చెప్పవా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. రేపట్నుంచి నా పడవెక్కకు."

సత్తియ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో ఉదయ్‌కుమార్ నవ్వుతూ వచ్చాడు.

"రండి బుల్లియ్య గారూ. మొన్న మీరిచ్చిన పులస భలే కుదిరిందండి."

"ఆయ్, అది సరేగానండి, ఈ బొమ్మ ఎక్కడ వేశారు?"

"ఆ చోటెక్కడో నాకూ తెలీదండి."

అబద్ధమాడటం కూడా చేతకాదు ఈయనకి, అనుకున్నాడు బుల్లియ్య.

"పడవ మీద ఎవరు తీసికెళ్లారండి?"

"పడవా? నాకు నీళ్లంటే భయమండి. ఇంట్లో కూర్చునే వేశాను."

"చూడకుండానే తాడీ, ట్యాంకూ, టవరూ అచ్చు దిగిపోయాయా? మావాడి పేరు చెప్పేయండి, పర్లేదు. కొట్టన్లెండి."

ఉదయ్‌కుమార్ ఇబ్బందిగా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, జేబులోంచి ఫోను తీశాడు.

"ముందే మిమ్మల్ని అడగాల్సింది, తప్పు నాదేనండి. పడవలో పులసతో సెల్ఫీ దిగి మీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టారు కదా, అది చూసి వేశాను. మీరూ, పులసా అడ్డొస్తున్నారని తీసేశానండి."