మహారాణికి వినపడలేదు

నలుగురిలో నోరు పెగలని పెద్దవాళ్ళకోసం పెట్టిన ఆట అది. శనివారం సాయంత్రాలు, గ్రంథాలయం పైగదిలో. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక వేషం కట్టాలి. ఆ వేషం మాటలు మాట్లాడి, పాచిక వెయ్యాలి. పెద్ద అంకె పడితే అడిగింది దొరికినట్టు.

ఆట నడిపే మేడమ్ ఒక గుమాస్తాకు ఉత్తరం రాసి మరీ పిలిచింది. ఫీజు కూడా లేదంది. ఆమె సరేనని వెళ్ళింది.

ఎదురు కుర్చీలో తన పాత సూపరింటెండెంటు! జుట్టు పోయింది గానీ గొంతులో పొగరు పోలేదు.

ఆయన ఆమెను గుర్తుపట్టలేదు. ఆయన కింద పనిచేసిన పదకొండేళ్ళలో ఒక్కసారన్నా ఫైలు మీంచి తలెత్తితే కదా!

"మీరేం నేర్చుకుందామని వచ్చారు సార్?" అడిగింది మేడమ్.

"నాకు మనుషులతో మాట్లాడ్డం రాదట. ఇంట్లోవాళ్ళ గోల," గొణిగాడాయన.

ఆమెకు మహారాణి వేషం వచ్చింది. ఆయనకు బంటు వేషం. ఆయన మొహాన అనాల్సిన మాట ఒకటి ఆమె దగ్గరుంది. ఆరు వారాలూ దాన్ని మింగి, తలూపి ఇంటికెళ్ళింది.

ఏడోవారం మేడమ్ బంటుకో చీటీ ఇచ్చింది. ఆయన చదివాడు.

"మహారాణీ, మా అమ్మకి ప్రాణం మీదికొచ్చింది. రెండ్రోజులు సెలవిప్పించండి."

అక్షరం పొల్లుపోకుండా, ఒకనాడు ఆమె ఆయన్ని అడిగిన మాటలే. ఆఫీసంతా చూస్తుండగా మూడుసార్లు అడిగించుకుని, నవ్వి, "రేపు చూద్దాం" అన్నాడాయన.

"గట్టిగా చెప్పు. వినపడలేదు," అంది మహారాణి.

చెప్పాడు.

"నోట్లో ఏవన్నా పెట్టుకున్నావా? మళ్ళీ చెప్పు."

మూడోసారీ చెప్పాడు. తలెత్తి చూసి ఆమెను గుర్తుపట్టాడు. మొహం పాలిపోయింది. పాచిక వేశాడు. ఒకటి పడింది.

"రేపు చూద్దాం," అందామె. ఆపైన, ఎక్కడా తడబడకుండా, "ఆ రేపు రాకముందే మా అమ్మ పోయింది సార్."

మేడమ్ ఆమె భుజం తట్టి, కుర్చీలో కూలబడ్డ ఆయన చేతిలో బీపీ మాత్ర, మంచినీళ్ళ సీసా పెట్టింది.

"ఏమండీ, లేవండి, ఇంటికి పోదాం, మీరు ఇంట్లో గొప్పగా చెప్పుకున్నవన్నీ చీటీలు రాసి పెట్టాను, వచ్చే నెల మీ టైపిస్టు వస్తాడు, ఆ పైనెల మీ ప్యూను, ఆఖరి బ్యాచీలో మాత్రం మహారాణిని నేనే!"