బఠాణీ రంగు రాయి

మొగుడు చేతులారా సానపట్టిన రాయి తన మెడలో కాకుండా తోడికోడలి మెడలో ఎందుకుంది? పెళ్లైన నాటి నుంచీ చిన్నకోడల్ని ఈ సందేహం తొలుస్తూనే ఉంది. కళ్లు మూసుకుని దేవుడికి దండం పెట్టుకున్నా ముందు ఆ రాయే కనిపించేది. ఇంత చిన్న సంగతి దేవుణ్ణి అడగడం న్యాయమేనా అని ఆగిపోయేది.

రాయి మామూలుది కాదు. పచ్చి బఠాణీ రంగు. పేరు గాస్పైట్. నికెల్ గనుల దగ్గర ఎక్కడో అరుదుగా దొరుకుతుందట.

మొగుణ్ణి అడిగితే, "వదినకిచ్చాను. ఇంట్లోనే ఉందిగా" అని సానచక్రం తిప్పేవాడు. ఆ చప్పుడులో ఇక ఏమడిగినా వినపడదు.

పైగా పెద్దకోడలికి ఓ జబ్బు. ఎదురుపడితే చాలు, చిన్నకోడలికి పెళ్లిలో మొగుడు వేసిన బంగారు గొలుసు మీదికి చెయ్యి చాచి సర్దేది. "కొక్కెం మొరాయిస్తుంది, నెమ్మదిగా తియ్యి" అనేది.

రాయి చాలక గొలుసు మీద కూడా కన్ను పడిందని చిన్నకోడలు లోలోపల ఉడికిపోయేది.

ఆ ఉదయం పెద్దకోడలు రాయి తెచ్చి బల్ల మీద పెట్టింది. "దారం తెగింది. మరిది వచ్చాక ఇవ్వు" అని వంటగదిలోకి వెళ్లింది.

చిన్నకోడలు తలుపు ఓరగా వేసింది. తెగిన దారం ముడేసి, అద్దం ముందు నిలబడి మెడలో వేసుకుంది. తన కోసమే చేసినట్టుంది.

"తియ్యి ముందు." వెనక పెద్దకోడలు.

"ఒక్క నిమిషం పెట్టుకుంటే అరిగిపోతుందా అక్కా? మీ సొత్తు నేనేం ఎత్తుకుపోను."

"అరిగేది అది కాదే, నీ చర్మం." పెద్దకోడలు తనే ముడి విప్పింది. "పెళ్లికి ముందు చౌక కమ్మలు పెట్టుకుని చెవులు పుండు చేసుకున్నావు, మర్చిపోయావా? నీకు నికెల్ పడదన్నాడు డాక్టరు. ఈ రాయి నిండా అదే."

"నాకు పడనిది నాకెందుకు చేస్తారు?"

"చేశాకే కదా తెలిసింది. పెళ్లిలో నీ మెడలో వెయ్యాలని నెలల తరబడి సానపట్టాడు పిచ్చి మారాజు. చేతిలో ఇంకేం లేదు. ఇదిగో, ఈ బల్ల దగ్గరే తల పట్టుకుని కూర్చున్నాడు."

చిన్నకోడలి గొంతు తగ్గింది. "అందుకని మీకిచ్చేశారా?"

"ఊరికే ఇస్తే నేను తీసుకుంటానా, ఊరికే ఇస్తే తను తీసుకుంటాడా? మార్చుకున్నాం." అలవాటు కొద్దీ గొలుసు సర్దబోయిన ఆమె చెయ్యి సగంలో ఆగింది.

చిన్నకోడలు రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చింది. కొక్కెం మొరాయించింది.

"నెమ్మదిగా" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు నెమ్మదిగానే విప్పి, పెళ్లినాటి నుంచీ తన మెడలో ఉన్న ఆ గొలుసును, అంతకు ముందు అది ఉన్న మెడలోనే వేసింది.